తెలుగువారికి ఇటాలియను తొలిపాఠం

కొంతకాలం క్రిందట నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంనుండి ఒక శ్రోత ఉత్తరం వ్రాశారు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఆపైన నర్సింగు శిక్షణ పూర్తిచేసిన యువతి ఆమె. ఇటలీ దేశంలో నర్సుల అవసరం ఉన్నదనీ, అయితే ఆ దేశభాష రానివారికి అక్కడి ఆసుపత్రులలో ప్రవేశం లేదనీ తెలిసినవారు చెప్పారట. “ఇంగ్లీషే నాకు అంతంతమాత్రం. ఇంగ్లీషు సరిగా రానివారికి ఇటాలియను వస్తుందా?” అన్నది ఆమె ప్రశ్న.

ఈ సందేహం ఆమె ఒక్కరిదే కాదు. నల్లగొండ, మహబూబునగరం మెట్టప్రాంతాలలో తెలుగులో చదువుకొన్న యువతీయువకులు అనేకులకు ఈ జంకు ఉన్నది. పరదేశభాష ఏదైనా సరే ఇంగ్లీషు అనే గడప దాటితేగాని అందదని వారి అభిప్రాయం. ఇటాలియను విషయంలో ఈ అభిప్రాయం సరియైనది కాదు. తెలుగును స్పష్టంగా పలకడం, వ్రాయడం వచ్చినవారికి ఆ భాషలోని ధ్వనులు చాలవరకు ముందే వచ్చియున్నవి. ఇంగ్లీషు మీదుగా వెళ్ళినవారే ఒక్కొక్కచోట తప్పుత్రోవ పట్టవలసి వస్తుంది.

ఇందుకు నా అనుభవమే ఒక నిదర్శనం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకనాటి ప్రసంగంలో నేను రేడియో చరిత్ర చెప్పవలసి వచ్చినది. తంతిలేని వార్తాప్రసారానికి ఆద్యుడైన మార్కోని ఇటలీలోని బొలోన్యా నగరంలో 1874లో జన్మించాడు; 1909లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానాన్ని మరొక శాస్త్రజ్ఞునితో పంచుకొన్నాడు. ఇవన్నీ సరిగానే చెప్పాను. ఆయన పూర్తిపేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాలు చూచి “గుగ్లియెల్మో” అని చదివాను. ఇటలీలో కొంతకాలమున్న ఒక పెద్దమనిషి మరునాడు కలిసి, “అయ్యా, ఆ పేరు గుల్యెల్మొ. ఆ గకారం పలకడానికి కాదు, లకారాన్ని మెత్తపరచడానికి” అని నవ్వుతూ చెప్పారు. ఆ పేరును ఎవరైనా తెలుగులో వ్రాసి ఇచ్చియుంటే నేను తప్పు చదివియుండేవాణ్ణి కాను.

తెలుగును “తూర్పు దేశపు ఇటాలియను” అన్నారన్న మాట మనవారందరు విన్నదే. వెనీసు సమీపంలోని క్యొజ్జ పట్టణానికి చెందిన నిక్కొలో దె కొంతి అనే యాత్రికుడు 15వ శతాబ్ది తొలిభాగంలో విజయనగరం చూచాడు. గద్వాల, అలంపురం ఉన్న కృష్ణా తుంగభద్రల నడిమిసీమ కొరకు విజయనగర రాజులు, బహమనీ సుల్తానులు పోరాడుతున్న రోజులవి. ఆ పోలిక చేసినది ఈ కొంతియే అని వ్రాయడం పరిపాటి అయినది. కాని ఆయన చెప్పగా పొజ్జొ బ్రచ్చొలీని లాటిను భాషలో వ్రాసిన యాత్రావృత్తాంతంలో ఆ మాట లేదు. అది ప్రచారానికి వచ్చినది 19వ శతాబ్దపు ఆంగ్ల రచనలలో. ఎవరన్నా, ఎందుకన్నా, ఆ మాటను మనం పొగడ్తగా దాచుకొన్నాము గాని పనిముట్టుగా వాడుకొనలేదు.

పోలికలో మొదటిది అజంతత్వం, అనగా మాట అచ్చుతో ముగియడం. రొట్టె పానె, పాలు లత్తె, నీరు అక్క్వ, ఉప్పు సాలె, ఇల్లు కాస. “ఇల్”, “కొన్”, “పెర్” వంటి కొన్ని చిన్నమాటలు మాత్రమే హల్లుతో ముగుస్తవి. మనం రోడ్డు, బస్సు, స్కూలు అని పరభాషాపదాల చివర కూడ ఉకారం చేరుస్తాము. ఇటాలియనులు అరువు తెచ్చుకొన్న బార్, ఫిల్మ్, స్పోర్ట్ వంటి మాటలను హల్లుతోనే వదలివేస్తారు. ఈ విషయంలో మనమే వారికంటె పట్టుదల గలవారము.

రెండవది త, ద ల విషయం. ఇటాలియనులో ఉన్నవి మన త, ద లే. నాలుక పళ్ళకు తగిలి పుట్టేవి. ట, డ లు లేవు. వారు తమ దేశాన్ని “ఇతాల్య” అంటారు. ఆ పేరు మనకు ఇంగ్లీషు మీదుగా వచ్చినది కనుకనే మన పుస్తకాలలో “ఇటలీ” అయి కూర్చున్నది. ఖ, ఘ వంటి ఒత్తక్షరాల బాధ కూడ ఆ భాషలో లేదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది ద్వితాక్షరం. మనకు కల వేరు, కల్ల వేరు. గడి వేరు, గడ్డి వేరు. ఒక హల్లును ఒత్తి పలికితే అర్థమే మారిపోతుంది. ఇటాలియనులోను అంతే. పేన అంటే బాధ, పెన్న అంటే కలం. సేతె అంటే దాహం, సెత్తె అంటే ఏడు. కారొ అంటే ప్రియమైనవాడు, కర్రొ అంటే బండి. నోనొ అంటే తొమ్మిదవది, నొన్నొ అంటే తాత. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఈ భేదం చెవికి అందడమే కష్టం. మన పిల్లలకు గుణింతం నాడే అబ్బుతుంది. పై మాటలలో మరొక విశేషం గమనించండి. హల్లు ఒంటరిగా ఉన్నచోట దాని ముందటి అచ్చు సాగుతున్నది, ద్విత్వమున్నచోట కుదించుకొంటున్నది. రోమను లిపి ఈ సాగుడును చూపదు. తెలుగులిపి చూపుతుంది.

ఇక చదివే పద్ధతి. రోమను అక్షరం సి తరువాత అ, ఒ, ఉ లు వస్తే దానిని క అని, ఇ, ఎ లు వస్తే చ అని పలకాలి. జి అనే అక్షరం కూడ ఇట్లే మొదటిచోట గ, రెండవచోట జ అవుతుంది. పిల్లి గత్తొ, ప్రజలు జెంతె. ఇ, ఎ ల ముందు క, గ లే పలకవలసివస్తే నడుమ హెచ్ అనే అక్షరం వేస్తారు. దానికి సొంత ఉచ్చారణ లేదు. తాళపుచెవి క్యావె. ఇంగ్లీషు అలవాటున్నవారు ఆ హెచ్‌ను చూచి “చ్యావె” అంటారు. తమిళదేశంలో వీరమామునివరుగా ప్రసిద్ధి చెందిన ఇటాలియను పండితుడు బెస్కి పేరును “బెషి” అనో, “బెస్చి” అనో చదివే పొరపాటు కూడ ఈ జాతిదే. 1680లో జన్మించిన ఈ బెస్కియే తమిళలిపిలో ఎ ఏ, ఒ ఓ ల భేదాన్ని స్పష్టపరచినవాడని పేరు పొందాడు.

ఒకే అక్షరానికి రెండు ధ్వనులేమని విసుగుకొనకండి. దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది; అది మన భాషలోను జరిగిన చరిత్ర. పూర్వం లాటినులో నూరును “కెంతుమ్” అనేవారు. ఇటాలియనులో అది “చెంతొ” అయినది. ఆకాశానికి లాటినులో “కైలుమ్” అన్నమాట “చేలొ” అయినది. ఇ, ఎ వంటి అచ్చులు పలికేటప్పుడు నాలుక నోటి ముందుభాగానికి వస్తుంది; ఆ ఈడ్పునకు లొంగి వెనుక పుట్టే కకారం కూడ ముందుకు జరిగి చకారమవుతుంది. నారాయణపేట, మక్తల ప్రాంతాలవారు కన్నడం కూడ వినేవారే కనుక వారికి ఇది వెంటనే బోధపడుతుంది. కన్నడంలో కెరె, తెలుగులో చెరువు. అక్కడ కివి, ఇక్కడ చెవి. అక్కడ కిరు, ఇక్కడ చిరు. కన్నడం పాత కకారాన్ని నిలుపుకొన్నది. తెలుగు దానిని చకారం చేసుకొన్నది. రోము నగరంలో ఒకప్పుడు జరిగిన మార్పే, ఏ సంబంధమూ లేకుండ, మన చెరువుగట్టుమీద కూడ జరిగినది.

ఇంకొక అక్షరం జెడ్. పిజ్జా అని మనం పలుకుతున్న తినుబండారం పేరులో ఉన్నది ఇదే. అది జ కాదు. “చాలు”, “చదువు” అనేటప్పుడు పళ్ళ దగ్గర పుట్టే మెత్తని చకారం ఉన్నదే, వ్యాకరణంలో దంత్యమని చెప్పి నిఘంటువులలో ౘ అని గుర్తువేసేది, అదే ఈ ధ్వని. ఆ మాట “పిౘ్ౘ”. కృతజ్ఞత తెలిపే మాట “గ్రౘ్ౘియె”. కొన్ని మాటలలో ఇదే అక్షరం “జడ”, “జల్లెడ” లలోని దంత్య జకారం, అనగా ౙ అవుతుంది. సున్న “ౙేరొ”, సగం “మెౙ్ౙొ”. ఈ ధ్వనిని ఇంగ్లీషు పుస్తకాలు రెండేసి అక్షరాలు కలిపి వర్ణిస్తవి. తెలుగు పిల్లవానికి వర్ణన అక్కరలేదు. “చాప” అనమంటే చాలు.

మన వర్ణమాలలో పనిలేక కూర్చున్నట్లుండే ఞ అక్షరానికి కూడ అక్కడ గౌరవం దొరుకుతుంది. జి, ఎన్ అనే అక్షరాలు జంటగా వస్తే ఆ ధ్వనియే. అయ్యగారిని సంబోధించే మాట “సిఞ్ఞోరె”. జి, ఎల్, ఐ కలిసివస్తే ల్య. కుమారుడు “ఫిల్యొ”. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన గుల్యెల్మొ ఈ సూత్రానికి లోబడినవాడే.

ధ్వనులలో ఇంత చేరువైనంత మాత్రాన ఈ రెండు భాషలు అక్కచెల్లెండ్రని అనుకొనరాదు. తెలుగు ద్రావిడభాష. ఇటాలియను లాటినునుండి పుట్టి, సంస్కృతం కూడ చేరిన ఇండో యూరోపియను కుటుంబానికి చెందినది. అంకెలు చూడండి: ఊనొ, దూయె, త్రె, క్వత్త్రొ, చింక్వె, సేయి, సెత్తె, ఒత్తొ, నోవె, ద్యేచి. వీనిలో ద్వి, త్రి, సప్త, అష్ట, నవ, దశ అన్న సంస్కృతపదాల ఛాయలు కనపడుతున్నవి. ఫ్లోరెన్సు నగరపు వర్తకుడు ఫిలిప్పొ సస్సెత్తి 1580 ప్రాంతాలలో కొచ్చి, గోవాలలో ఉండి, ఈ పోలికను గుర్తించి స్వదేశానికి ఉత్తరాలు వ్రాశాడు. సర్ విలియం జోన్సు కలకత్తాలో ఈ విషయం ప్రకటించిన 1786 కంటె అది రెండువందల ఏండ్లు ముందు. తెలుగులో తత్సమపదాలు నేర్చినవారికి ఈ చుట్టరికం జ్ఞాపకశక్తికి తోడుపడుతుంది.

వ్యాకరణం దగ్గరికి వచ్చేటప్పటికి కొంత శ్రమ తప్పదు. క్రియాపదం మాత్రం మనకు అనుకూలమే. “మాట్లాడుతాను” అంటే చాలు, “నేను” అని వేరే చెప్పనక్కరలేదు గదా. క్రియ చివరనే కర్త తెలిసిపోతాడు. ఇటాలియనులోను “పర్లొ” అంటే మాట్లాడుతాను, “పర్లి” మాట్లాడుతావు, “పర్ల” మాట్లాడుతాడు లేక మాట్లాడుతుంది, “పర్ల్యామొ” మాట్లాడుతాము, “పర్లాతె” మీరందరు మాట్లాడుతారు, “పర్లనొ” వారు మాట్లాడుతారు. ఇంగ్లీషు పద్ధతిలో ప్రతిసారి ముందు సర్వనామం పెట్టి మాట్లాడితే వారి చెవికి అది ఎబ్బెట్టుగా ఉంటుంది. నువ్వు, మీరు అన్న మర్యాదాభేదం కూడ వారికున్నది. చనువున్నచోట “తు”, పెద్దలతో, క్రొత్తవారితో “లేయి”. ఈ “లేయి” తరువాత క్రియ ప్రథమపురుష ఏకవచనంలో ఉంటుంది. మీరు మాట్లాడుతారు అనడానికి “లేయి పర్ల” అనాలి. ఆసుపత్రిలో రోగితో మాట్లాడేవారు మొట్టమొదట నేర్వవలసిన మర్యాద ఇది.

కష్టమైనది లింగం. మనకు రాయి, చెట్టు, బల్ల అన్నీ ఒకటే. వారికి బల్ల “తావొలొ” పుంలింగం, కుర్చీ “సేద్య” స్త్రీలింగం. సాధారణంగా ఒకారాంతాలు పుంలింగాలు, అకారాంతాలు స్త్రీలింగాలు. ఎకారాంతాలు రెండు విధాల ఉంటవి. బహువచనంలో ఒకారం ఇకారమవుతుంది: పుస్తకం లీబ్రొ, పుస్తకాలు లీబ్రి. అకారం ఎకారమవుతుంది: ఇల్లు కాస, ఇండ్లు కాసె. ఇక్కడ తెలుగు సహాయపడదు, ఉర్దూ సహాయపడుతుంది. మన ఊళ్ళలో ఉర్దూ వినని ఇల్లు అరుదు. “మకాన్ అచ్ఛా”, “కితాబ్ అచ్ఛీ” అనడం చెవిన పడి పెరిగినవారికి నిర్జీవవస్తువులకు లింగముండడం వింత కాదు. లడ్కా, లడ్కే అన్నట్లే అక్కడ బాలుడు రగౘ్ౘొ, బాలురు రగౘ్ౘి.

మిగిలిన తేడాలు రెండు. మన విభక్తిప్రత్యయాలు నామం వెనుక వస్తవి; వారివి ముందు వస్తవి. రోముకు అనడానికి “అ రోమ”, నల్లగొండనుండి అనడానికి “ద నల్లగొండ”. మన క్రియ వాక్యం చివర నిలుస్తుంది; వారి క్రియ నడుమ నిలుస్తుంది. కాదు, లేదు అనే అర్థం మనం చివర చెబుతాము. వారు క్రియకు ముందు “నొన్” చేరుస్తారు. అర్థం కాలేదు అనడానికి “నొన్ కపిస్కొ”. నేర్చుకొనేవారు ఈ మాటను సిగ్గుపడకుండ వాడవలెను.

పుస్తకంలోని ఇటాలియను ఫ్లోరెన్సు నగరమున్న తొస్కాన ప్రాంతపు భాష ఆధారంగా ఏర్పడినది. నేపుల్సులోను, వెనీసులోను ఇండ్లలో మాట్లాడే మాట వేరు. ఇంట ఒక తెలుగు, బడిలో ఒక తెలుగు ఎరిగిన తెలంగాణం వారికి ఇది అర్థం కాని విషయం కాదు. ఇటలీలో ఈ ప్రామాణికభాష ఇంటింటికి చేరడానికి రేడియో, టెలివిజనులు ఎంతో పనిచేసినవి. 1960నుండి 1968 వరకు ఆ దేశపు టెలివిజనులో అల్బెర్తొ మన్ౙి అనే ఉపాధ్యాయుడు చదువురాని పెద్దలకు అక్షరాలు నేర్పాడు. “ఎన్నటికీ ఆలస్యం కాదు” అన్న అర్థం వచ్చేది ఆ కార్యక్రమం పేరు.

భాష నేర్వడానికి ఈ రెండు సీమలమధ్య రాకపోకలు క్రొత్త కావు. మిలాను ప్రాంతంలో 1850లో స్థాపితమైన మిషనరీ సంస్థకు చెందిన ఇటాలియనులు 19వ శతాబ్దంలోనే హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. 1886లో ఏర్పడిన హైదరాబాదు కథోలిక పీఠానికి తొలి బిషప్పులు వారే. 1976లో నల్లగొండ ప్రత్యేకపీఠమైనది. నల్లగొండలో కుష్ఠురోగులకు దీర్ఘకాలం సేవచేసిన ఫాదరు లుయీజి పెౘ్ౘోని ఆ సంస్థవారే. నొప్పి ఎక్కడ ఉన్నదని రోగిని అతని భాషలో అడగలేనివారు అతనికి సేవ చేయలేరు. నాడు ఇటలీవారు మన రోగుల కొరకు వచ్చారు. నేడు మన దేవరకొండ నర్సు వారి రోగుల కొరకు వెళ్ళాలనుకొంటున్నది. “నొప్పి ఎక్కడ?” అన్న ప్రశ్న ఇప్పుడు ఆమె నేర్వాలి. వారి భాషలో అది “దోవె లె ఫ మాలె?”.

ఇక పని ప్రారంభించే విధం. మొదటి వారం అక్షరాలు తప్ప వేరేమీ ముట్టవద్దు. ప్రతి మాటను తెలుగులిపిలో, హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు తప్పకుండ వ్రాసి పైకి చదవాలి. రెండవ వారం అంకెలు, పలకరింపులు: పగటి నమస్కారం “బ్వొన్‌జొర్నొ”, సాయంకాలం “బ్వొనసేర”, దయచేసి “పెర్ ఫవోరె”. మూడవ వారం రోజుకు పది నామాలు, ఒక్కొక్కదానిని దాని లింగంతో, బహువచనంతో కలిపి. నాల్గవ వారం క్రియలు రెండే రెండు: ఉండడం, మాట్లాడడం. ఆ తరువాత తెలుగులిపిని క్రమంగా వదలి రోమను లిపిలోనే చదవడం అలవాటు చేసుకొనాలి. తెలుగులిపి ఊతకర్ర వంటిది. నడక వచ్చిన తరువాత పక్కన పెట్టవలసినదే.

వినడం మానరాదు. ఇటలీ జాతీయ ప్రసారసంస్థ “రాయి” కార్యక్రమాలను ఈనాడు చేతిఫోనులోనే వినవచ్చును. అర్థం కాకపోయినా రోజుకు పావుగంట వింటే ఏ అక్షరంమీద ఊనిక పడుతున్నదో తెలుస్తుంది. తెలుగులో లేనిది ఈ ఊనికయే. సాధారణంగా అది చివరినుండి రెండవ అక్షరంమీద పడుతుంది. “చిత్తా”, “కఫ్ఫే” వంటి మాటలలో చివర పడితే వ్రాతలో గీతతో సూచిస్తారు. పై తరగతులు చదువదలచినవారికి హైదరాబాదులోని ఆంగ్ల విదేశీభాషల విశ్వవిద్యాలయంలో ఇటాలియను బోధన ఉన్నది. విదేశీయుల భాషాజ్ఞానానికి ఇటలీలోని సియేన, పెరూజ నగరాల విశ్వవిద్యాలయాలు పరీక్షలు నిర్వహిస్తవి. ఉద్యోగానికి తొలిపాఠం చాలదు. అక్కడ రోగి తడబడుతూ చెప్పినది కూడ అర్థం కావాలి. అందుకు నెలలు కాదు, ఏడాది పైబడిన శ్రద్ధ కావాలి. ఆ మాట దాచడం ధర్మం కాదు.

ఉత్తరం వ్రాసిన సోదరికి సమాధానంగా నాలుగు చిన్న వాక్యాలు పంపాను. “మి క్యామొ” అని తన పేరు చేర్చుకొనమన్నాను. “సోనొ ఇన్ఫెర్మ్యేర. వెంగొ ద నల్లగొండ. పర్లొ తెలుగు ఎ ఇంపారొ లితల్యానొ.” నేను నర్సును, నల్లగొండనుండి వస్తున్నాను, తెలుగు మాట్లాడుతాను, ఇటాలియను నేర్చుకొంటున్నాను అని వాని అర్థం. వీనిలో ఒక్క ఇంగ్లీషు మాట లేదు. ఇంటిలో అందరు వినేటట్లు గట్టిగా చదవమని కూడ వ్రాశాను.